ఫాస్ఫారిక్ ఆసిడ్ గారి చుట్టం

త్రినాథరావు గారికి ఫాస్ఫారిక్ ఆసిడ్ చుట్టం. ఏ వరసన చుట్టమో ఆయన ఎన్నడూ తేల్చి చెప్పలేదు గానీ, పొరపాటున కూడా దాన్ని ‘అది’ అనరు. ‘మావాడు’ అంటారు. మేనల్లుడికి పెద్ద ఉద్యోగం వచ్చిందని విన్న మేనమామ ముఖం ఎలా వెలుగుతుందో, ఏ డబ్బా మీదో సీసా మీదో ఆ పేరు కనబడగానే ఈయన ముఖం అలా వెలుగుతుంది. ఒకరికి క్రికెట్ పిచ్చి, ఒకరికి బంగారం పిచ్చి, ఈయనకి ఆసిడ్ పిచ్చి. ఎవరికీ నష్టం లేని పిచ్చి కదా అని మన్సూరాబాద్‌లో ఆ వీధివాళ్ళంతా సరిపెట్టుకున్నారు. ఆయన అద్దెకున్న ఇంటి కోడలు ప్రవీణ కూడా సరిపెట్టుకుంది, ఆయన వచ్చి ఆమె కిరాణా దుకాణం ముందు కుర్చీ వేసుకుని కూర్చునేంతవరకు.

ఈ చుట్టరికం ఊరికే కలిసింది కాదు. కాకినాడ రేవు దగ్గర ఒక ఎరువుల ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగమంతా గడిచింది. ఓడల్లో వచ్చిన ఫాస్ఫారిక్ ఆసిడ్‌ని గొట్టాల్లోంచి ట్యాంకుల్లోకి దింపించుకోవడం, అది ఎరువుగా మారి బస్తాల్లోకి ఎక్కేదాకా దాని మంచిచెడ్డలు చూసుకోవడం ఆయన పని. “పాకంలాగా చిక్కగా, నిదానంగా వచ్చేవాడండి. మిగతా ఆసిడ్లలా పొగలు కక్కడం, గొంతు పట్టుకోవడం లాంటి అల్లరి లేదు,” అని చెప్పుకుని మురిసిపోయేవారు. పెళ్ళి కాలేదు. అయ్యేదే గానీ, పెళ్ళిచూపులనాడు ఆడపిల్లవాళ్ళు తెచ్చిన కూల్‌డ్రింక్ చూసి ఈయన పెళ్ళికూతురి సంగతి వదిలేసి ఆ గ్లాసు గురించి మాట్లాడారట. ఆ సంగతి సైదాబాద్‌లో ఉన్న ఆయన చెల్లెలు ఇప్పటికీ తలకొట్టుకుంటూ చెబుతుంది. రిటైరయ్యాక అన్నయ్య దగ్గరలో ఉంటే బాగుంటుందని ఆవిడే ఈ గది వెతికి పెట్టింది.

గది నర్సింహది. ఎల్‌బీ నగర్ చుట్టూ ఇప్పుడు కాలనీలున్న నేలలో కొంత ఒకప్పుడు నర్సింహ వాళ్ళ జొన్నచేను. ఇప్పుడు మిగిలింది ఈ ఇల్లు. కింద రోడ్డు వైపు కోడలు ప్రవీణ దుకాణం, మొదటి అంతస్తులో కుటుంబం, డాబా మీద కిరాయికిచ్చే పెంట్‌హౌస్. గది చూడడానికి వచ్చిన రోజు త్రినాథరావు గది చూడలేదు, గేటు దగ్గరే ఆగిపోయారు.

“గేటు బాగా తుప్పు పట్టిందండి. మావాణ్ణి పిలిస్తే ఒక్క పూటలో తేల్చేస్తాడు.”

“ఏం పని జేస్తడు మీవాడు?” నర్సింహ అడిగాడు.

“తుప్పు తినేస్తాడండి.”

“కూలీ ఎంత తీస్కుంటడు?”

“వాడికి కూలీ ఏంటండి. సీసాలో పట్టుకొస్తాను.”

నర్సింహకి ఆ చివరి మాట అర్థం కాలేదు. మర్నాడు పొద్దున పనివాడు వస్తాడని ఒక గ్లాసు చాయ్ ఎక్కువ పెట్టించాడు కూడా. వచ్చింది త్రినాథరావు ఒక్కరే. చేతులకి రబ్బరు తొడుగులు, కళ్ళకి అద్దాలు, ఒక ప్లాస్టిక్ సీసా, పాత బ్రష్షు. పూసినచోటల్లా ఎర్రటి తుప్పు నల్లబడిపోయింది. చాయ్ గ్లాసు చేత్తో పట్టుకుని నర్సింహ బిత్తరపోయి చూశాడు.

“ఏంది సాబ్ గిది, గేటు మాడిపోయింది?”

“మాడలేదండి. తుప్పుని తిని, దాని బదులు నల్ల కవచం తొడిగాడు. ఇప్పుడు రంగేయించండి, ఏళ్ళ తరబడి ఊడదు.”

ఆ మాట నిజమే, గేటు ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. అయితే బ్రష్షు నుంచి కారిన చుక్కలు కింద షాబాద్ బండల మీద పడ్డాయి. పడ్డచోటల్లా బుసబుసమని నురుగు వచ్చి, బండ మీద తెల్లటి మచ్చలు తేలాయి. “మావాడికి సున్నపురాయితో పడదండి, ఎదురుపడితే రెచ్చిపోతాడు,” అని త్రినాథరావు మహా ఇబ్బందిగా చెప్పారు. “గా ముక్క ముందుగాల చెప్పాలె గద,” అని నర్సింహ అరిచాడు. ఆ మచ్చలు ప్రవీణ ఎంత తోమినా పోలేదు. నర్సింహకీ త్రినాథరావుకీ మధ్య యుద్ధం ఆ రోజే మొదలైందని వీధి మొత్తం అనుకుంది.

త్రినాథరావు పిచ్చికి చోటూ వేళా లేవని ప్రవీణకి దిల్‌సుఖ్‌నగర్ పంటి దవాఖానలో తెలిసింది. పన్ను పుచ్చి, దవడ వాచి ఉంటే, దారి తెలుసని ఆయనే వెంట వచ్చారు. భర్త అరుణ్‌కుమార్ ఆ పక్కనే చీరల షాపులో పని చేస్తాడు గానీ, గిరాకి వదిలి వచ్చే వీలు లేదు. డాక్టర్ సుచిత్ర పన్ను శుభ్రం చేసి, చిన్న సిరంజితో నీలం రంగు జెల్ పంటి మీద పెట్టింది. తలుపు దగ్గర కూర్చున్న త్రినాథరావు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

“డాక్టరమ్మా, ఆ నీలంది ఏంటండి?”

“ఎచింగ్ జెల్ అండి. సిమెంటు పట్టుకోవడానికి పన్ను కొంచెం గరుకు చేస్తుంది. ఫాస్ఫారిక్ ఆసిడ్.”

“అలా చెప్పండి. ఇక్కడా ఉన్నాడన్నమాట.”

“మీరు కెమిస్ట్రీ చదివారా?”

“లేదండి, చుట్టరికం.”

డాక్టర్ ప్రవీణ వైపు చూసింది. ప్రవీణ నోరు తెరిచి ఉంది, నోట్లో గొట్టం ఉంది, కళ్ళతో తప్ప ఏమీ చెప్పలేని స్థితి. ఆ కళ్ళతో ఆమె ‘పట్టించుకోకండి’ అని చెప్పింది. డాక్టర్ జెల్ కడిగేసి, గాలి ఊది ఆరబెట్టింది. ఆ ఆరిన పన్ను సుద్దముక్కలా తెల్లగా కనబడుతుందని ఎక్కడో విన్నారట, ఒక్కసారి చూడనివ్వమని త్రినాథరావు బతిమాలారు. ఆవిడ మంచి మనిషి, చూపించింది. అద్దాలు సవరించుకుని, వంగి, ప్రవీణ దవడపన్ను చూసి, “ఎంత నాజూగ్గా పని చేశాడో,” అన్నారు. ఇంటికి వచ్చేదాకా ప్రవీణ ఆయనతో మాట్లాడలేదు. సగం కోపం, సగం మత్తు సూది.

నర్సింహతో మాత్రం ఆయన ఏదో ఒక వంకన మాట కలుపుతూనే ఉండేవారు. “మీరు వ్యవసాయం చేసే రోజుల్లో డీఏపీ వేసేవారు గదండి. అందులో ఉన్నది మావాడే. అంటే ఒక విధంగా మీకు అన్నం పెట్టింది మావాడే.” నర్సింహ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “మా నాయన పెంట ఎరువు ఏసిండు. మాకు అన్నం పెట్టింది బర్లు.” ఇలా ఉండేవి ఆ ఇద్దరి ముచ్చట్లు.

ఇదంతా తన దుకాణం దాకా రానంతకాలం ప్రవీణకి వినోదంగానే ఉండేది. అసలు తంటా ఈ ఎండాకాలం మొదట్లో వచ్చింది. ఒక సాయంత్రం త్రినాథరావు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కిందకి దింపి, దుకాణం ముందు, సరిగ్గా ఫ్రిజ్ పక్కన వేసుకుని కూర్చున్నారు. మర్నాడూ కూర్చున్నారు. ఇక ఆ కుర్చీ అక్కడే ఉండిపోయింది.

ఆ ఫ్రిజ్ గురించి చెప్పాలి. అద్దం తలుపుతో, లోపల దీపంతో మెరిసిపోయే ఆ పెద్ద ఫ్రిజ్ ప్రవీణది కాదు, ఒక కూల్‌డ్రింక్ కంపెనీది. సరుకు బాగా అమ్మితే ఉంచుతారు, అమ్మకపోతే తీసుకుపోతారు. దాన్ని తెప్పించడానికి ప్రవీణ కంపెనీ తరఫున తిరిగే చైతన్య వెంట ఎన్నాళ్ళో పడింది. నిజానికి ఆమెకి కావలసింది కూల్‌డ్రింకులు కాదు. వాటి వెనకాల దాచిపెట్టే పాల ప్యాకెట్లు, పెరుగు ప్యాకెట్లు. పొద్దున్నే పాలకోసం వచ్చిన ఆడవాళ్ళే తర్వాత పప్పూ ఉప్పూ ఆమె దగ్గర కొంటారు. ఫ్రిజ్ పోతే పాలు పోతాయి, పాలు పోతే గిరాకి పోతుంది, గిరాకి పోతే ఆ దుకాణం మూతే. పెళ్ళయి వచ్చాక ప్రవీణ తనదని చెప్పుకోగలిగింది ఏదైనా ఉంటే ఆ దుకాణమే. చైతన్య వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

“అక్కా, పై రెండు వరుసలు నల్ల కూల్‌డ్రింకే ఉండాలె, అది రూలు. పెరుగు ప్యాకెట్లు నేను చూడలే, నువ్వు చూపియ్యలే. గానీ సేలు పెరగాలె. ఎండాకాలం అయిపోయేలోపు పెరగకపోతే ఫ్రిజ్ వాపస్ అంటున్నరు మా సార్లు.”

ఇక ఆ నల్ల సీసాల పక్కన త్రినాథరావు గారు. ఎవరు తలుపు తీసినా ఆయన కుర్చీ ముందుకి జరుగుతుంది.

“ఒక్క నిమిషం బాబూ. సీసా వెనకాల సన్నటి అక్షరాలు చదవండి. మూడు వందల ముప్పై ఎనిమిది అని ఉందా? వాడు మావాడండి.”

“ఎవరు అంకుల్?”

“ఫాస్ఫారిక్ ఆసిడ్.”

“ఆసిడా?”

“కంగారుపడకండి, చాలా కొంచెం. గొంతులో గరగరమంటూ పులుపు తగులుతుందే, అదే వాడు. అంత పంచదార వట్టిగా మింగుడు పడదు గదండి. దాన్ని దాటించే పని మావాడిది.”

“తాగొచ్చా మరి?”

“ఎప్పుడైనా ఒకసారి తాగితే ఏమీ కాదు. తాగాక నీళ్ళతో నోరు పుక్కిలించండి. వెంటనే బ్రష్షు మాత్రం పెట్టకండి, పంటి మీద పొర మెత్తబడి ఉంటుంది, తోమితే అరుగుతుంది. రోజూ తాగేవాళ్ళకి ఎముకల సంగతి ఉంది, అది కూడా చెబుతాను, కూర్చోండి.”

ఆయన ఎముకల దగ్గరికి వచ్చేసరికి ఆ కుర్రవాడు సీసాని మెల్లగా లోపల పెట్టేసి, ఒక బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కుని వెళ్ళిపోయేవాడు. తమాషా ఏమిటంటే, ఆయన తాగొద్దని ఎవరికీ చెప్పలేదు. తన చుట్టాన్ని పరిచయం చేస్తున్నానని అనుకునేవారు. పరిచయమైనవాళ్ళు పారిపోయేవారు.

ఒక్క ఎదురింటి ఇంద్రమ్మ మాత్రం పెద్ద సీసా కొనుక్కుపోయింది. వారం తర్వాత మళ్ళీ కొన్నది. ప్రవీణ సంతోషించేలోపే ఆవిడ అసలు సంగతి చెప్పింది. “తాగనీకి కాదు బిడ్డా. రావు సారు చెప్పిండు, బాత్రూంల నల్లాకు పట్టిన తుప్పుకు మస్తు పని జేస్తుందని.” ఈ వార్త చైతన్య చెవిన కూడా పడింది. “అక్కా, మీ వీధిల ఎవరు తాగుతలేరంట, అంతా కడుగుతున్నరంట,” అని వాడు ఏడుపు మొహం పెట్టాడు.

ఇంట్లో నర్సింహ అంతకన్నా గట్టిగా పట్టుకున్నాడు. రోజూ సాయంత్రం చల్లబడ్డాక గాలికని కిందకి దిగి, ఫ్రిజ్ దగ్గరికి వచ్చి, త్రినాథరావు ఉపన్యాసం మొదలుపెట్టగానే మొహం మాడ్చుకుని వెనక్కి తిరిగేవాడు. మామగారు ఇన్ని మాటలు మాట్లాడడం ప్రవీణ అంతకుముందు చూడలేదు.

“గా మనిషి ఉన్నన్ని రోజులు నీ ఫ్రిజ్ ఉండది బిడ్డా. ఎల్లగొట్టు.”

“కిరాయిదారు గదా మామా, ఏమనాలె?”

“ఇంట్ల ఉండమను. దుకాణం కాడ వద్దను. బండలు ఖరాబు జేసిండు, గిప్పుడు గిరాకి ఖరాబు జేస్తుండు. పరేషాన్ అయితుంది నాకు.”

దుకాణం గురించి మామగారికి ఇంత దిగులు ఉందని ప్రవీణకి ఆశ్చర్యమూ కలిగింది, ప్రేమా కలిగింది. ఎండాకాలం సగం దాటాక ఒక మధ్యాహ్నం ఆమె ధైర్యం చేసింది.

“సార్, ఏమనుకోకండ్రి. రేపటిసంది జర పైననే కూసోండ్రి. ఫ్రిజ్ వాపస్ తీస్కపోతం అంటున్నరు. ఫ్రిజ్ పోతే నా దుకాణం నడ్వది.”

త్రినాథరావు గారి ముఖంలో చుట్టాన్ని ఎవరో తిట్టినంత బాధ కనబడింది. లేచి కుర్చీ మడత పెట్టబోయి, అది మడిచే కుర్చీ కాదని గుర్తొచ్చి చంకన పెట్టుకున్నారు.

“తప్పే గదమ్మా. మీ కడుపు మీద కొట్టినట్టయింది. అయితే ఒక్క మాట. సాయంత్రం పూట ఒక అరగంట వచ్చి కూర్చుంటాను. నోరెత్తను.”

“మీరు నోరెత్తకుండ ఉంటరా సార్?”

ఆయన నిజాయితీగా ఆలోచించారు. “ఉండలేనమ్మా,” అని ఒప్పుకుని మెట్లెక్కి వెళ్ళిపోయారు. ప్రవీణకి ఆ పూట అన్నం సయించలేదు. కానీ మర్నాడు మధ్యాహ్నానికే పై వరుస ఖాళీ అయింది. చైతన్య ఫోను చేసి, “గిట్లనే నడిపియ్యి అక్కా, ఫ్రిజ్ ఎక్కడికి పోదు,” అన్నాడు. ఆమె మనసు కుదుటపడింది.

సాయంత్రం నర్సింహ హుషారుగా దిగి వచ్చాడు. చుట్టూ చూశాడు. కుర్చీ లేదు, మనిషి లేడు. ఫ్రిజ్ తలుపు తీసి, చల్లటి నల్ల సీసా ఒకటి చేత్తో పట్టుకున్నాడో లేదో, రోడ్డు అవతలి నుంచి ఒక గొంతు లేచింది.

“నర్సింహగారూ, మావాడు మిమ్మల్ని మరీమరీ అడుగుతున్నాడండి.”

ఎదురుగా ఇంద్రమ్మ గారి ఇంటి మెట్ల మీద త్రినాథరావు కూర్చుని ఉన్నారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి నవ్వారు. నర్సింహ సీసా లోపల పెట్టి, తలుపు దబామని వేశాడు. మర్నాడు కాస్త ఆలస్యంగా దిగాడు. గొంతు సిద్ధంగా ఉంది. ఆ మర్నాడు ఎండ ఉండగానే దిగాడు. గొంతు అప్పటికే వచ్చి కూర్చుంది.

ఇక ప్రవీణకి కోపం ఆగలేదు. అరిచేవాళ్ళుంటే గిరాకి మళ్ళీ బెదురుతుందని భయం. చీర కొంగు బిగించి రోడ్డు దాటింది.

“ఏంది సార్ గిది? దుకాణం కాడ వద్దంటె రోడ్డు మీద మొదలువెట్టిండ్రు?”

“ఇది ఇంద్రమ్మగారి మెట్లమ్మా. ఆవిడ కూర్చోమన్నారు.”

“గిట్ల అరిస్తె గిరాకి ఒస్తదా?”

“గిరాకిని నేనేమీ అనలేదు గదమ్మా,” అని ఆయన మెల్లగా అన్నారు.

ప్రవీణ ఇంకో మాట అనబోయి ఆగింది. నిజమే. మధ్యాహ్నం నుంచి ఆయన అదే మెట్ల మీద పేపరు చదువుతూ కూర్చున్నారు. కాలేజీ పిల్లలు వచ్చి నల్ల సీసాలు తీసుకున్నారు, ఆటో డ్రైవరు ఒకతను అక్కడే నిలబడి తాగాడు. పేపరు మీంచి ఆయన తల కూడా ఎత్తలేదు. గొంతు లేచింది నర్సింహ చెయ్యి ఫ్రిజ్‌లోకి వెళ్ళినప్పుడే. నిన్నా అంతే. మొన్నా అంతే.

“మా మామనొక్కన్నే ఎందుకు అంటున్నరు?”

త్రినాథరావు గారికి మాట తడబడడం ప్రవీణ చూసింది అదే మొదటిసారి. పేపరు మడిచారు, మళ్ళీ విప్పారు.

“మాటిచ్చానమ్మా. అడక్కండి.”

“ఎవరికి ఇచ్చిండ్రు?”

ఆయన రోడ్డు అవతల ఫ్రిజ్ దగ్గర నిలబడ్డ నర్సింహ వైపు చూశారు. నర్సింహ గబుక్కున ఇటు వీపు తిప్పి, ఉప్పు ప్యాకెట్లు సర్దుతున్నట్టు నటించాడు. ఆ మనిషి ఆ దుకాణంలో ఇంతవరకు ఒక్క ప్యాకెట్ సర్దిన పాపాన పోలేదు. ప్రవీణ తిరిగి రోడ్డు దాటి వచ్చి మామగారి ఎదురుగా నిలబడింది.

“మామా, గా సారు నీకేం మాటిచ్చిండు?”

“ఏం లేదు బిడ్డా.”

“మామా.”

నర్సింహ బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. కాళ్ళ వైపు చూసుకున్నాడు. చెప్పులు బిగుతయ్యాయని ఆయన ఈ మధ్య వట్టి కాళ్ళతో తిరగడం ప్రవీణకి అప్పుడు తట్టింది.

“ఎండలు మొదలైనప్పుడు కాళ్ళు వాస్తున్నయని దవాఖానకు పోయిన. సరూర్‌నగర్ల దోస్తు తానికి పోతున్నని నీకు చెప్పిన గద, గా రోజు. కిడ్నీలు జర కమ్‌జోర్ అయినయంట. మందులు ఇచ్చిండ్రు, వాడుతున్న. ఉప్పు తగ్గియ్యమన్నరు, నల్ల కూల్‌డ్రింకు ముట్టొద్దన్నరు. గాడ్నే గీ రావు సాబ్ కూడ ఉండె, బీపీ గోలీల కోసం. నల్లదెందుకు వద్దని నా తరఫున గాయనే అడిగిండు. అందుల ఫాస్ఫారిక్ ఆసిడ్ ఉంటది, కిడ్నీలు మంచిగ లేనోళ్ళకు గా ఫాస్ఫరస్ బయటికి పోదు, ఒంట్లనే ఉండి ఎముకల్ని గుల్ల జేస్తదని డాక్టరు చెప్పిండు.” నర్సింహ ఆగి, రోడ్డు అవతలికి ఒక చూపు చూశాడు. “గప్పుడు గాయన మొహం నువ్వు చూడాలె. సొంత తమ్ముడు దొంగతనం జేసి దొరికినట్టు అయిండు.”

“నాకెందుకు చెప్పలేదు మామా?”

“చెప్తే నువ్వు ఫ్రిజ్ తీసేస్తవు. నీ దుకాణం నా నోటికోసం బందు కావాల్నా? నీకు చెప్పొద్దని రావు సాబ్‌తోని ఒట్టు ఏపిచ్చుకున్న. గాయన ఏమన్నడో తెలుసా? చెప్పను, గానీ తాగనియ్యను అన్నడు.”

“మరి గిరాకి వాళ్ళందరికి ఎందుకు చెప్పిండు?”

“నన్నొక్కన్నే ఆపితె నీకు అనుమానమొస్తది గద.”

ప్రవీణకి ఎండాకాలం మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. చుట్టం మీద ముచ్చటతో ఊరందరికీ ఉపన్యాసం ఇస్తున్నాడనుకున్న మనిషి, ఒక్కరికోసం అందరినీ ఆపాడు. తన చుట్టం పరువు తనే బజారులో తీశాడు. అయినా అడగవలసింది ఇంకొకటి మిగిలింది.

“మంచిగనే ఉన్నది. మరి నువ్వెందుకు మామా గాయనను ఎల్లగొట్టమన్నవ్?”

నర్సింహ చాలాసేపు చెవి గోక్కున్నాడు.

“తాగబుద్ధయింది బిడ్డా. కండ్ల ముంగట గట్ల మెరుస్తుంటె చెయ్యి ఆగదు.”

కోపం తెచ్చుకుందామని చూసింది గానీ ప్రవీణకి నవ్వు వచ్చింది. రాత్రి భర్తతో మాట్లాడింది. అరుణ్‌కుమార్ నీ ఇష్టం అన్నాడు. మర్నాడు ఆమె చైతన్యని పిలిచింది. వాడు మిఠాయి డబ్బాతో వచ్చాడు, సేలు పెరిగింది కదా అని.

“చైతన్యా, పై రెండు వరుసల నల్లది పెట్టను. తెల్లది పెట్టుకుంట, నిమ్మకాయది. నడుస్తదా?”

“నడ్వదక్కా. నల్లది లేకుంటె ఫ్రిజ్ ఇయ్యరు. రూలు.”

“అయితే తీస్కపో.”

వాడు మూడుసార్లు అడిగాడు, నిజంగానా అని. చివరికి ట్రాలీ ఆటో తెచ్చి, ఇద్దరు మనుషులతో ఫ్రిజ్ ఎక్కించుకుపోయాడు. అది ఉన్నచోట గోడ మీద నలుపలకల మరక మిగిలింది. ప్రవీణ దుకాణంలోపలికి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నర్సింహ ఆ రోజంతా కిందకి రాలేదు. మర్నాడు పాల ప్యాకెట్లు తొట్టిలో ఐసు వేసి పెట్టింది. పది గంటలకే ఐసు కరిగింది, సగం పాలు విరిగిపోయాయి. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు విరిగిన ప్యాకెట్లు తెచ్చి వాపస్ ఇచ్చి, మూల మీది దుకాణానికి వెళ్ళారు. ఇంకో వారం ఇలా నడిస్తే షట్టర్ దించడమే అని ఆమెకి తెలుసు.

అప్పుడు మెట్ల మీద పెద్ద గోల వినబడింది. వెళ్ళి చూస్తే, అరుణ్‌కుమార్ ఒక పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌ని వీపుకి ఆనించుకుని వంగిపోయి దిగుతున్నాడు. కింద పట్టు ఇంద్రమ్మ అల్లుడిది. వాళ్ళకి ముందొకరు, వెనకొకరు పెద్దమనుషులు. మోసేది కుర్రవాళ్ళు, అరిచేది వీళ్ళు.

“ఎడమకు తిప్పు, ఎడమకు,” అని నర్సింహ.

“ఎడమకి తిప్పితే గోడకి గీసుకుంటుందండి. కుడి.”

“ఇల్లు నాది. గోడ నాది. నాకు తెల్వదా?”

“ఫ్రిజ్ నాది గదండి.”

అరుణ్‌కుమార్ ఇద్దరినీ నోరుమూసుకోమని దండం పెట్టి, దాన్ని కిందికి చేర్చి, నలుపలకల మరక ముందు నిలబెట్టాడు. మరక కన్నా చిన్నగా ఉంది. ప్రవీణ దాని తలుపు తెరిచి చూసింది.

“గిది మీ రూంల ఫ్రిజ్ గద సార్?”

“అవునమ్మా. ఒక్కణ్ణి. రెండు వంకాయలు, ఒక గిన్నె మజ్జిగ. వాటికి ఇంత పెద్ద ఇల్లెందుకు చెప్పండి? పాల ప్యాకెట్లు పెట్టి చూడండి, ఎన్ని పడతాయో.”

“మరి మీకెట్ల?”

“పెరుగు కావలిస్తే దిగొచ్చి కొనుక్కుంటాను. ఎలాగూ దిగి వచ్చేవాణ్ణే గదా.” ఆయన కాస్త తటపటాయించి, గొంతు తగ్గించారు. “మావాడి వల్ల మీ ఇంట్లో ఇంత జరిగింది. వాడు చెడ్డవాడు కాదమ్మా. మీ మామగారికి పడడు, అంతే. ఆ ముక్క నేను ముందే వాడికి చెప్పి ఉండాల్సింది.”

ప్రవీణ ముక్కు ఎగబీల్చి, “కొనుక్కునుడు లేదు, ఏం లేదు. రేపటిసంది మీ అన్నం కూర మా ఇంట్లకెల్లే ఒస్తది,” అని తీర్మానం చేసింది. త్రినాథరావు వద్దనబోతే నర్సింహ అడ్డుపడ్డాడు. ఉప్పు తగ్గించిన కూర తానొక్కడే ఎందుకు తినాలి, ఇంకొకడు తోడుంటే బాగుంటుందని ఆయన లెక్క. ఆ లెక్క ఫలించింది. కాకినాడ కారాలు మరిగిన ఆ మనిషి ఇప్పుడు రోజూ ఆ చప్పటి సొరకాయ కూర కలుపుకుని, “చాలా బాగుందమ్మా,” అని అబద్ధం చెబుతారు. ఆ అబద్ధం వినడానికి నర్సింహ రెండో ముద్ద కోసం ఆగి మరీ చూస్తాడు.

పాలు విరగడం ఆగింది. పాలకోసం మూలకి వెళ్ళినవాళ్ళు మెల్లగా తిరిగొచ్చారు. ఒక చిక్కు మాత్రం ఉంది. కంపెనీ ఫ్రిజ్‌కి అద్దం తలుపు ఉండేది, లోపలేముందో రోడ్డు మీదికి కనబడేది. ఈ ముసలి ఫ్రిజ్ తలుపు రేకు తలుపు. దారినపోయేవాళ్ళకి అందులో ఏమున్నదీ తెలిసే దారి లేదు. అందుకని ప్రవీణే డాబా మీదికి వెళ్ళి, ఆ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఫ్రిజ్ పక్కన వేసింది. ఇప్పుడు త్రినాథరావు గారు పొద్దున్నా సాయంత్రం అక్కడ కూర్చుని, లోపల ఏమున్నదీ వచ్చేపోయేవాళ్ళందరికీ వినిపిస్తారు. పాలు, పెరుగు, మజ్జిగ, నిమ్మకాయ సోడా. గొంతు ఖంగుమంటుంది. చైతన్య ఆ దారిన బండి మీద పోతూ ఒకసారి ఆగి విని, కంపెనీ ఇలాంటి మనిషిని పెట్టుకుంటే బాగుండునని నిట్టూర్చాడట.

మొన్న ఒకాయన స్కూటర్ ఆపి, నల్ల కూల్‌డ్రింక్ ఉందా అని అడిగాడు. ప్రవీణ తూకం వేస్తున్న శనగపప్పు ఆపి చెవి ఒగ్గింది. నర్సింహ లోపల నుంచి తొంగి చూశాడు. త్రినాథరావు ఉపన్యాసం ఎత్తుకోలేదు. చేత్తో దారి చూపించారు.

“ఇక్కడ లేడండి. ఆ మూల మీద దుకాణంలో ఉంటాడు. చల్లగా ఉంటాడు, వెళ్ళండి. నేను అడిగానని చెప్పండి.”

“ఎవరికి చెప్పాలె, దుకాణమాయనకా?”

“కాదండి. సీసాలో మావాడికి. తాగేముందు ఒక్క మాట చెబితే చాలు.”

స్కూటరాయన ఆయన వైపు, ఆ రేకు తలుపు వైపు, మళ్ళీ ఆయన వైపు చూశాడు. కాసేపు ఆలోచించి, స్కూటర్ స్టాండు వేసి, ఒక మజ్జిగ ప్యాకెట్ ఇవ్వమన్నాడు. ప్రవీణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఫ్రిజ్ తలుపు తీసి అందించింది.